ఛాతీలో లూప్ రికార్డర్: నేను బతికిపోయింది ఆ బటన్ వల్లే

ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోతుంటే, కారణం తెలుసుకోవడానికి నా ఎడమ ఛాతీ చర్మం కింద లూప్ రికార్డర్, అంటే గుండె లయను ఎప్పుడూ గమనిస్తూ ఉండే చిన్న పరికరం, పెట్టి రెండేళ్లు దాటింది. పెట్టేటప్పుడు నొప్పి, మచ్చ, బ్యాటరీ గురించి అందరూ చెప్పేవే కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలనిపించేది దాంతోపాటు ఇచ్చే చిన్న రిమోట్ గురించి. దాన్ని ఛాతీకి ఆనించి బటన్ నొక్కితే, నొక్కకముందు కొన్ని నిమిషాల ఈసీజీ కూడా భద్రంగా ఉంటుంది. పడిపోతున్న మనిషి ఏ బటనూ నొక్కలేడు కదా, అందుకే ఇది నాకు ప్రాణంతో సమానం.

పోయిన వేసవిలో పర్లాకిమిడి నుంచి పాతపట్నం పెళ్లికి వెళ్లాం. భోజనాల వరుసలో నిలబడ్డాను, చెమటలు పట్టాయి, చెవుల్లో హోరు, అంతే. కళ్లు తెరిచేసరికి తల మా వదిన ఒళ్లో ఉంది, మా అబ్బాయి అప్పటికే నా బ్యాగులోంచి రిమోట్ తీసి నొక్కేశాడు. అంతకుముందు హోల్టర్ (ఒకట్రెండు రోజులు ఒంటికి తగిలించే ఈసీజీ యంత్రం) పెట్టిన ప్రతిసారీ ఏమీ దొరకలేదు, ఆ రోజుల్లో నేను పడితేగా! ఈసారి విశాఖలో డాక్టరుగారు ఆ గీతలు చూపించి, పడినప్పుడు గుండె ఆగలేదమ్మా, కాస్త వేగంగా కొట్టుకుందంతే అన్నారు. బీపీ పడిపోయి ఉంటుందని నేను వేసుకునే బీపీ మాత్ర తగ్గించారు. పేస్‌మేకర్ తప్పదేమోనని నెలల తరబడి పడ్డ టెన్షన్ అక్కడే వదిలి ఏడ్చేశాను. గుండె మధ్యలో ఆగితే రికార్డర్ తనంతట తానే పట్టుకుంటుంది. నా లయ బాగానే ఉంది కాబట్టి మా అబ్బాయి బటన్ నొక్కకపోతే ఆ రోజుది ఏమీ మిగిలేది కాదు.

ఇంట్లో పడుకుంటే చాలు, రికార్డరులోని గీతలన్నీ డాక్టరుకు వెళ్లిపోతాయని చాలామందికి చెప్పాను గానీ, మా వైపు అది నెట్‌వర్క్ ఉన్న రోజుల మాట. మంచం పక్కన పెట్టిన పెట్టె మొబైల్ సిగ్నల్ మీదే పంపుతుంది, గట్టి వాన పడితే మా వీధిలో కరెంటు, సిగ్నల్ రెండూ పోతాయి. 2018లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఏం చేసిందో చూసినదాన్ని, అందుకే ఆ పెట్టె మీద పూర్తి భరోసా పెట్టుకోను. రికార్డర్ లోపల రాసుకుంటూనే ఉంటుంది కానీ జాగా తక్కువ, కొత్తవి వస్తే పాతవి చెరిగిపోతాయి.

ఖర్చు లక్ష దాటింది, మా అబ్బాయి కంపెనీ ఇన్సూరెన్స్ ఆదుకుంది, లేకపోతే పెట్టించుకునేదాన్నో లేదో. రోజూ దడ వచ్చేవాళ్లకు హోల్టరే సరిపోవచ్చు, ముందు డాక్టరును అడగండి. ఒంటరిగా ఉండేవాళ్లు మాత్రం పక్కింటివాళ్లకైనా ఆ రిమోట్ చూపించి, ఎక్కడ ఆనించాలో నేర్పి పెట్టండి.