అనంతపురంలో జర్మన్ వాల్వు కన్సోలు: పదకొండేళ్ల వాడకం తరువాత

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన ఒక కుటుంబం పాత మిద్దెను అమ్ముకుంటున్నప్పుడు, వారి హాలు మూలన దుమ్ము పట్టి ఉన్న, గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసే జర్మన్ కన్సోలు రేడియోను కొని అనంతపురానికి తెచ్చుకొని పదకొండేళ్లయింది. నేల మీద కాళ్లతో నిలబడే ఈ రకం మన వైపు అరుదు. పాత ఇళ్లలో దొరికేవి ఎక్కువగా బల్ల మీద పెట్టుకునే మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లే.

కొనే రోజున నేను పాలిష్ చూసి మురిసిపోయాను, వెనుక అట్ట విప్పించలేదు. ఇంటికొచ్చి విప్పితే స్పీకరు పక్కన ఎలుక గూడు కనిపించింది. సెట్టు జాతకమంతా ఆ అట్ట వెనుకే ఉంటుంది. బేకలైటు (పాతకాలపు గట్టి ప్లాస్టిక్కు) అడుగు, ఎనిమిది లావుపాటి పిన్నులు ఉన్న వాల్వులైతే అది 1935 తరువాత వచ్చిన ఆక్టల్ తరం. అడుగు కూడా గాజే అయి తొమ్మిది సన్నని పిన్నులుంటే సాధారణంగా 1950 తరువాతిది. వాల్వు పేరులో మొదటి అక్షరాన్ని తప్పక చదవాలి. ‘ఇ’ అయితే హీటరుకు (వాల్వును లోపల వేడెక్కించే తీగకు) 6.3 వోల్టులు, ‘యు’ అయితే హీటర్లన్నీ 100 మిల్లీయాంపుల మీద సీరీస్‌లో ఉంటాయి. ‘యు’ వాల్వుల సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు కనుక ఛాసిస్‌కే (లోపలి లోహపు చట్రానికి) నేరుగా కరెంటు తగలవచ్చు. నాబు ఊడిన ఇరుసును వేలితో తిప్పడం ప్రాణం మీదికి తెస్తుంది. నా సెట్టులో ఇసిహెచ్81, ఇఎఫ్89, ఇఎబిసి80, ఇఎల్84 వంటి ‘ఇ’ వాల్వులే ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ధైర్యంతోనే ప్లగ్గు నేరుగా పెట్టేశాను. పది నిమిషాలకు మైనం కాలిన వాసన వచ్చింది, ఇఎల్84 లోపలి ప్లేటు ఎర్రబడింది. దాని గ్రిడ్డుకు (సిగ్నలు లోపలికి వెళ్లే కొసకు) ముందున్న పాత కాగితపు కెపాసిటరు లీకై, వాల్వు గుండా కరెంటు అదుపు తప్పి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. దాన్ని మళ్లీ చుట్టించడానికి బెంగళూరు దాకా తిరిగాను. సంగతి విన్న ఇక్కడి ముసలి మెకానిక్కు, “ముందు అరవై వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టల్లప్పా, అది ఎర్రగా మొదలై మసకబారితేనే ముందుకు పోవల్ల” అని మందలించారు. కాగితపు కెపాసిటర్లన్నీ, హమ్మింగుకు మూలమైన ఫిల్టరు కెపాసిటర్లూ ఆయనే మార్చారు. తరువాత వాల్వు ఒక్కటి కూడా పోలేదు.

వినికిడి విషయంలో ఈ సెట్టుకు నేను దాసుణ్ణే. మీడియం వేవులో కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. డయలు మీద ఉన్నవి యూరప్ స్టేషన్ల పేర్లు, ఆ చోట ‘మిలానో’ అని రాసి ఉంటుంది కాబట్టి మా ఇంట్లో పిల్లలు కడపను మిలానో అనే పిలుస్తారు. అయితే పెట్టె పెద్దది కదా అని అన్నీ వస్తాయనుకోరాదు. సెట్టు మీది జర్మన్ పొడి అక్షరాల్లో ‘యుకెడబ్ల్యు’ అంటే ఎఫ్‌ఎం, ‘కెడబ్ల్యు’ అంటే షార్ట్ వేవు. ఆ ఎఫ్‌ఎం ముల్లు 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అనంతపురం ఆకాశవాణి ఉండేది 101.7 మీద. ఊళ్లోని కేంద్రం ఊళ్లోనే అందదన్నమాట. ట్రిమ్మరు (లోపల అమరికను సవరించే చిన్న మర) తిప్పి జరిపించవచ్చు గానీ, అసలు అమరికను కదిలించడం నాకు ఇష్టం లేక వదిలేశాను. లాంగ్ వేవు మీద ఇక్కడ స్టేషన్లు లేవు కనుక ఆ బటను ఉత్త అలంకారం.

మన ఎండ దీనికి పెద్ద శత్రువు. రెండో వేసవికే కిటికీ వైపు వెనీరు (పైన అంటించిన పలచని చెక్క రేకు) పొరలుగా లేచింది. అప్పటి నుంచి లోపలి గోడకు జానెడు ఎడంగా పెట్టాను. ఎల్‌ఈడీ దీపాల, ఛార్జర్ల గరగరను మాత్రం పూర్తిగా ఆపలేకపోయాను. స్టేషను కుదిరినప్పుడు విసనకర్రలా విచ్చుకునే ఇఎం80 మ్యాజిక్ ఐ (ట్యూనింగు చూపే వాల్వు) ఇప్పుడు బాగా మసకబారింది, హాల్లో దీపం ఆర్పితేనే ఆ ఆకుపచ్చ కనిపిస్తుంది.