80 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్‌కి లిఫ్ట్ తర్వాత కాస్టర్ బుష్‌లు: ఆరు నెలలు వాడాక

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ వేయించిన మర్నాడే అమ్మావాళ్లని ఎక్కించుకుని డాలస్ నుంచి ఆస్టిన్ బయల్దేరాను, ఐ-35 మీద పక్కనుంచి పెద్ద ట్రక్కు పోయిన ప్రతిసారీ బండి పక్క లేన్‌లోకి లాగేస్తోంది. నాది 1996 మోడల్ టయోటా ఎస్‌యూవీ. రెండంగుళాలు లేపే ఓల్డ్ మ్యాన్ ఈము కంపెనీ స్ప్రింగులు, షాకులు వేయించాను, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావట్లేదు. ఆస్టిన్ చేరేసరికి భుజాలు పట్టేశాయి. "ఏంట్రా ఇలా ఊగుతోంది, పక్కకి ఆపు" అని అమ్మ ఒకటే భయం.

అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్తే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసి, అంతా బాగుందని పంపించేశారు. వాళ్లిచ్చిన కాగితం ఇంటికొచ్చి చూస్తే కాస్టర్, అంటే చక్రం పక్కలకి తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, ఎడమ 0.6, కుడి 0.9 డిగ్రీలు. ఉండాల్సింది 3 దరిదాపుల్లో. ఈ బండికి ముందువైపు ఉండేది సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), కాస్టర్ మార్చడానికి బోల్టంటూ ఏదీ ఉండదు, కాబట్టి వాళ్లు చేయలేకపోవడం తప్పు కాదు. ఆ మాట నాకు చెప్పకపోవడం మాత్రం తప్పే.

సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలేసినా తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. ఇక్కడా అంతే. ఫ్రేమ్ పైకి లేచేసరికి యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే రేడియస్ ఆర్మ్‌ల ముందు కొస కిందికి దిగుతుంది, వాటితోపాటు యాక్సిల్ ముందుకు తిరిగి వాలు పోతుంది, రెండంగుళాలకి సుమారు రెండు డిగ్రీలు.

అందుకే ఆఫ్‌సెట్ బుష్‌లు (ఆర్మ్‌కి, యాక్సిల్‌కి మధ్య ఉండే రబ్బరు తొడుగులు) తెప్పించాను. ఆర్మ్‌కి యాక్సిల్ వైపు రెండు చొప్పున మొత్తం నాలుగు, వీటి రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉంటుంది, దాంతో యాక్సిల్ వెనక్కి తిరిగి పోయిన వాలు మళ్లీ వస్తుంది. పాతవాటిని ప్రెస్‌లో పెట్టి నొక్కితే రబ్బరు ముక్కలుముక్కలుగా ఊడొచ్చింది, అంటే లిఫ్ట్ లేకపోయినా మార్చాల్సినవే. ముందు బుష్ ఆఫ్‌సెట్ ఒకవైపు, వెనకదానిది సరిగ్గా ఎదురువైపు ఉండాలి. తిరగేసి నొక్కితే ఉన్న కాస్టర్ కూడా పోతుంది, అందుకని ముందే ఆర్మ్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టుకున్నాం. కిట్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ మరీ చిన్నది, నాకు నచ్చనిది అదొక్కటే. ఇంకో ముఖ్యమైన మాట: బోల్టులు పూర్తిగా బిగించాల్సింది బండిని చక్రాల మీద దించాకే, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

ఇప్పుడు రీడింగ్ ఎడమ 2.8, కుడి 3.0. తేడా మొదటి మలుపులోనే తెలిసింది, స్టీరింగ్ చేతుల్లోంచి జారుతూ తనే మధ్యకి వచ్చేసింది! యూటాలోని మోయాబ్ దాకా వెళ్లొచ్చాం, హైవే మీద గాలికి కూడా కుదురుగా ఉంది.

యాక్సిల్‌ని అడ్డంగా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే పానార్డ్ రాడ్ వల్ల, లిఫ్ట్ తర్వాత ముందు యాక్సిల్ 8 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది, పొడవు సర్దుకోగలిగే అడ్జస్టబుల్ రాడ్ ఇంకా కొనలేదు, రెండంగుళాలకి తొందరేం లేదు. స్టీరింగ్ వీల్ కొంచెం వంకరగా ఉంటే స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీ, డ్రాగ్ లింక్, పొడవు సర్దితే సరిపోయింది.

మూడంగుళాలు దాటి లేపేవాళ్లు ఈ బుష్‌లు కొనకండి, చాలవు, ఆర్మ్‌లు బిగించే చోటుని మార్చి కాస్టర్ సరిచేసే కాస్టర్ ప్లేట్లో, డ్రాప్ బ్రాకెట్లో చూసుకోండి. అంత ఎత్తులో కాస్టర్ సరిచేస్తే ముందు చక్రాలకి ఇంజన్ శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణకొచ్చు, ఫుల్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ఆ షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఒక కొసన రెండు జాయింట్లు జంటగా ఉండే డబుల్ కార్డన్ షాఫ్ట్‌కి కూడా డబ్బులు పక్కన పెట్టుకోండి.