బయటికొచ్చేయడమా, లోపలుండి దారికి తేవడమా: ఏది మేలు?

2017 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా పార్లమెంటులో అప్పటి ఖజానా మంత్రి స్కాట్ మారిసన్ ఒక బొగ్గు ముక్క ఎత్తి చూపించి, ఇది బొగ్గే, భయపడకండి అన్నారు. ఆ ముక్క ఇచ్చింది గనుల కంపెనీల సంఘమైన మినరల్స్ కౌన్సిల్. చేతికి మసి అంటకుండా దానికి పూత కూడా పూసి ఇచ్చారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ సంఘానికి చందా కట్టే పెద్ద సభ్యుల్లో గనుల దిగ్గజం బీహెచ్‌పీ ఒకటి. అదే బీహెచ్‌పీ భూతాపాన్ని అదుపు చేసే పారిస్ ఒప్పందానికి మా మద్దతు అంటుంది. కంపెనీది ఒక మాట, దాని డబ్బుతో నడిచే సంఘానిది ఇంకో మాట.

వాటాదారులకు మండింది ఇక్కడే. అదే ఏడాది ఏసీసీఆర్ అనే సంస్థ (వాటాదారుల తరఫున కంపెనీలను నిలదీసేది), సంఘాల సభ్యత్వంపై సమీక్ష జరపాలని బీహెచ్‌పీ వార్షిక సమావేశానికి తీర్మానం తెచ్చింది. అప్పటినుంచీ ఇదే ప్రశ్న: సంఘాన్ని వదిలేయాలా, ఉండి మార్చాలా?

వదిలేయడం చూడ్డానికి బాగుంటుంది. సమీక్ష తర్వాత బీహెచ్‌పీ 2018లో వరల్డ్ కోల్ అసోసియేషన్ నుంచి తప్పుకుంది. అది సరైన పనే, బొగ్గు కోసమే పుట్టిన సంఘంలో కూర్చుని మార్చేదేముంది? మినరల్స్ కౌన్సిల్ సంగతి వేరు. అక్కడ గని భద్రత, పన్నులు, శిక్షణ అన్నీ నడుస్తాయి. పెద్ద సభ్యుడు లేచిపోతే ఆ కుర్చీ పక్కన మిగిలేది బొగ్గు తప్ప వేరే వ్యాపారం లేనివాళ్లే. సంఘం గొంతు ఇంకా పెరుగుతుంది.

మరి ఉండటం? "లోపలుండి మారుస్తాం" అని ప్రతి కంపెనీ అంటుంది. గడువు లేకపోతే ఆ మాటతో పదేళ్లు గడిపేయొచ్చు. గడువు తెచ్చిపెట్టేది ఓట్లే. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆస్ట్రేలియాలో వంద మంది వాటాదారులు కలిస్తే తీర్మానం పెట్టొచ్చు. కానీ సలహా తీర్మానం చెల్లాలంటే ముందు కంపెనీ నియమావళిని మార్చాలి, దానికి 75 శాతం ఓట్లు కావాలి. అంత రావు. అయినా ఎంత శాతం వచ్చిందో బోర్డు కళ్లు పెట్టుకుని చూస్తుంది. 2019లో సంఘాల సభ్యత్వంపై వచ్చిన తీర్మానం మీద బీహెచ్‌పీలో నాలుగో వంతుకు పైగా ఓట్లు బోర్డు మాట కాదన్నాయి. 2020లో మినరల్స్ కౌన్సిల్ వాతావరణ ప్రణాళిక ప్రకటించింది. 2021కల్లా మరో గనుల కంపెనీ రియో టింటో, బీహెచ్‌పీ బోర్డులే ఇలాంటి తీర్మానాలకు ఓటేయండని చెప్పాయి.

ఈ రెంటికీ నడుమ ఇంకో దారి ఉంది, నాకు నచ్చింది అదే. 2020 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల ముందు అక్కడి గనుల సంఘం, ఓటులో పర్యావరణ పార్టీ అయిన గ్రీన్స్‌ను అందరికంటే చివరన పెట్టండని ప్రకటనలు వేసింది. బీహెచ్‌పీ ఆ సంఘంలో తన సభ్యత్వాన్ని అప్పటికప్పుడు నిలిపేసింది. తలుపు మూయలేదు, చందా ఆగుతుందని చూపించింది. అందుకే నా ఓటు ఉండటానికే, అయితే కంపెనీ ఒక కాలు గడప బయట పెట్టి ఉండాలి.

షేర్లు అమ్మేసుకుంటే? ఇంకెవరో కొంటారు, మీ ఓటు కూడా వాళ్లతోనే పోతుంది.

పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లకు ఇది దూరపు గొడవేం కాదు. జీతం మీద యజమాని కట్టే 12 శాతం సూపర్ (రిటైర్మెంటు పొదుపు) డబ్బులో కొంత బీహెచ్‌పీ షేర్లలో ఉండే అవకాశం ఎక్కువ. ఎక్కడ ఎలా ఓటేసిందీ ఈ సూపర్ ఫండ్లు తమ వెబ్‌సైట్లో పెడతాయి. మీ ఫండ్ జాబితాలో బీహెచ్‌పీ వరుస దగ్గర ఏముందో ఓసారి చూడండి.