ట్రంపెట్ వాల్వు నూనె: చర్చిలోనూ ఊరేగింపుల్లోనూ వాడి చూశాక

ట్రంపెట్‌కు ఏ నూనె కొనాలని ఎవరు అడిగినా ఒకే సీసా పేరు చెప్పేసే అలవాటు మా బ్యాండు వాళ్లలో ఉంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. వేళ్లతో నొక్కే వాల్వులు ఎంత అరిగాయో చూడకుండా నూనె పేరు చెప్పడం, కళ్లు పరీక్షించకుండా కళ్లజోడు ఇవ్వడమే.

నా దగ్గర రెండు ట్రంపెట్లున్నాయి. ఒకటి యమహా వైటీఆర్-2330, ఆదివారం చర్చిలో వాయించేది. రెండోది మీరట్‌లో తయారైనది, నా చేతికి వచ్చేసరికే బాగా నలిగింది. పెళ్లి ఊరేగింపులకు, వినాయక నిమజ్జనాలకు దాన్నే తీసుకెళ్తాను. దుమ్ము, రంగు కాగితాల తుక్కు, మే నెల ఎండ అన్నీ దాని వంతే. మొదటిదానికి హాయిగా సరిపోయే నూనె రెండోదానిలో సగం దారికే ఆరిపోతుంది. రెండోదానికి కావలసిన చిక్కటి నూనె మొదటిదానిలో వేస్తే వాల్వులు బద్ధకంగా పైకి లేస్తాయి.

కొత్త వాయిద్యంలో వాల్వు లోపల పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే, తల వెంట్రుక మందం కూడా ఉండదు. అందులో నూనె చేసే పనులు రెండు. పిస్టన్ జారేలా చేస్తుందని అందరికీ తెలుసు. ఊదిన గాలి పక్కనుంచి కారిపోకుండా ఆ సందును మూసేదీ అదేనని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, పలచటి నూనె దాన్ని మూయలేదు. అప్పుడు వేళ్లు చురుగ్గానే ఆడతాయి కానీ స్వరం నీరసిస్తుంది, పై స్థాయికి వెళ్లాలంటే ఊపిరి రెట్టింపు పెట్టాల్సి వస్తుంది.

మీ వాయిద్యం ఏ స్థితిలో ఉందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూడో వాల్వు నొక్కకుండా మూడో స్లైడును (ఆ వాల్వుకు అనుసంధానమైన, జరిపే వీలున్న గొట్టాన్ని) కాస్త బయటికి లాగి, రెండు మూడు క్షణాలు ఆగి, అప్పుడు వాల్వు నొక్కండి. ‘టప్’మని గట్టిగా వినిపిస్తే బిగువు బాగున్నట్టు. ఏ చప్పుడూ రాకపోతే గాలి ఎక్కడో కారుతోంది. (స్లైడు గ్రీజు ఆరిపోయినా, నీరు వదిలే మీట దగ్గరి బెండు పాడైనా ఇదే ఫలితం కనుక ముందు అవి చూసుకోండి.) నా మీరట్ ట్రంపెట్ పలచటి నూనెతో దాదాపు మూగది. చిక్కటిది వేశాక సన్నగానైనా పలుకుతుంది.

అల్ కాస్ వారి ‘ఫాస్ట్’ పెట్రోలియం రకం, బాగా పలచన. వేసిన మరుక్షణం వేలి కింద వాల్వు ఉందో లేదో తెలియనంత తేలికగా ఆడుతుంది. చర్చి ట్రంపెట్‌కు చాలాకాలం ఇదే వాడాను, చలికాలంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎండాకాలం ఊరేగింపులో మాత్రం పెళ్లికొడుకు కారు మండపం చేరేలోపు మళ్లీ చుక్కలు వేయక తప్పేది కాదు. డప్పులు మోగుతుంటే నడుస్తూ వాల్వు మూత విప్పడం ఎంత చిరాకో వాయించేవారికే తెలుసు.

అందుకే యమహా సింథటిక్ నూనెకు మారాను. లైట్, రెగ్యులర్, వింటేజ్ అని మూడు చిక్కదనాల్లో వస్తుంది. చర్చిదానికి రెగ్యులర్, మీరట్‌దానికి వింటేజ్ వేస్తున్నాను. వింటేజ్ ఎండకు తొందరగా లొంగదు, మధ్యాహ్నం వేస్తే రాత్రి దాకా ఉంటుంది. వేసిన మొదటి నిమిషాల్లో మాత్రం వాల్వు కాస్త బరువుగా అనిపిస్తుంది, వేగంగా పరుగెత్తే పాటలో అది తెలుస్తుంది. హెట్‌మన్ వారు కూడా పిస్టన్ నూనెలకు 1, 2, 3 అని అంకెలిచ్చారు, అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది. ఒక మిత్రుడి సీసా నుంచి వాడి చూశాను. బాగుంది, కానీ మా ఊళ్లో దొరకదు.

పెట్రోలియం రకం నుంచి సింథటిక్‌కు మారేటప్పుడు పాతదాన్ని పూర్తిగా కడిగేయాలి. రెండూ కలిస్తే జిగురు కట్టవచ్చు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం, పొడవాటి బ్రష్షు చాలు. మరుగు నీళ్లు పోస్తే పై పూత లేచిపోతుంది. ఇత్తడి మెరిపించే పేస్టును పిస్టన్‌కు తాకించవద్దు, అది లోహాన్నే అరగదీస్తుంది.

మా పెద్దవాళ్లు కిరోసిన్‌లో కుట్టుమిషను నూనె కలిపి వాడేవారు. వారి రోజుల్లో సీసా దొరకడమే గగనం కనుక తప్పుపట్టను. కానీ కిరోసిన్ వాసన పెదవుల దాకా వస్తుంది, కుట్టుమిషను నూనె ఒక్కటే వేస్తే మరీ మందం. కొబ్బరి నూనె జోలికి వెళ్లవద్దు. సుమారు 25 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున క్రిస్మస్ పాటలకు బయల్దేరితే వాల్వులు కదలవు.

వేసే తీరు సులువే. పై మూత విప్పి పిస్టన్‌ను నిటారుగా సగం దాకా లాగి, లావుపాటి లోహ భాగం మీద మూడు నాలుగు చుక్కలు వేసి, గైడు (పిస్టన్‌కు ఉండే చిన్న మొన) గాడిలో పడి టిక్కుమనేదాకా తిప్పి మూత బిగించాలి. పిస్టన్ మీద అంకె ఉంటుంది, 1 స్థానంలో 3 పెడితే గాలి ముందుకు పోదు. అడుగు మూత రంధ్రంలోంచి నూనె పోసేవారున్నారు. అక్కడ పేరుకున్న మడ్డి అంతా అలా వాల్వులోకి ఎక్కుతుంది. విడిదింట్లో పెట్టిన లడ్డూ తిని నోరు పుక్కిలించకుండా ట్రంపెట్ ఎత్తితే మాత్రం ఎంత ఖరీదైన నూనె వేసినా వాల్వు బంక పడుతుంది.

నూనెతో కుదరని జబ్బులూ ఉన్నాయి. రెండో స్లైడు పక్కకు పొడుచుకొని ఉంటుంది కనుక దెబ్బ తగిలితే రెండో వాల్వు గొట్టం గుండ్రతనం పోయి పిస్టన్ పట్టేస్తుంది. అది మరమ్మతు చేసేవారి పని. వేళ్లను వాలుగా పెట్టి నొక్కేవారికీ వాల్వులు ఇరుక్కుంటాయి, అక్కడ సరిచేసుకోవలసింది చెయ్యి.

ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసా సగం కారిపోయి వచ్చింది, అమ్మినవారు మారు మాట్లాడలేదు. అప్పటినుంచి దుకాణంలో సీలు చూసి కొంటున్నాను. ఈ సీసాలు చూడటానికి అచ్చం కళ్లల్లో వేసుకునే మందులా ఉంటాయి కనుక అలమారలో పై అరలోనే పెట్టండి. పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. సీసా వెంట పట్టుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.