ఆరేళ్లుగా నా దగ్గరున్న కూలెంట్ ప్రెషర్ టెస్టర్

నా కారుకి 20 ఏళ్లు. ఆరేళ్ల కిందట దాని కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) నెలకి అర లీటరు చొప్పున తగ్గడం మొదలైంది. కింద నేల మీద చుక్క పడదు, సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు, ఇంజన్ ఆయిల్ బాగానే ఉంది. మరి ఆ అర లీటరు ఎక్కడికి పోతోంది? కొన్నాళ్లు పోసుకుంటూ గడిపాను. తర్వాత రేడియేటర్ మూత మార్చాను. ఆగలేదు. రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) మార్చాను. ఆగలేదు. మూడోది కొనబోయే ముందు ఈ టెస్టర్ కొన్నాను. నిజానికి మొదట కొనాల్సింది ఇదే.

ఇందులో పెద్ద మాయేమీ లేదు. సైకిలు పంపు లాంటి చేతి పంపు, ఒక గేజ్, పొడుగాటి గొట్టం, రకరకాల మూతల సైజులకి అడాప్టర్లు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, ఆ చోట అడాప్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు కొట్టాలి. ఎక్కడైనా లీకుంటే గేజ్ ముల్లు దిగుతుంది. నా మూత మీద 1.1 బార్ అని ఉంది. అంతకు మించి కొడితే ముసలి రేడియేటర్ పగిలే ప్రమాదం ఉంది. వేడి ఇంజన్ మీద మూత మాత్రం ముట్టుకోకూడదు. ప్రెషర్ ఉన్నంతసేపు సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. మూత తీశామా, ఆ ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

నేల మీద చుక్క ఎందుకు పడలేదో కూడా దీనితోనే అర్థమైంది. బండి నడిచేటప్పుడు ప్రెషర్ పెరిగి పగులు తెరుచుకుంటుంది, కారిన కాస్తా ఇంజన్ వేడికి ఆవిరైపోతుంది. ఆపి చూసేసరికి అంతా పొడి. అదే చల్లటి ఇంజన్‌లో ప్రెషర్ పెడితే కారిన చుక్క అక్కడే నిలుస్తుంది.

మొదటిసారి 1 బార్ కొట్టగానే ముల్లు నెమ్మదిగా దిగడం మొదలైంది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని వెతికితే ఇంజన్ వెనక, హీటర్‌కి వెళ్లే హోస్ చివర తడి కనిపించింది. ఎవరో హోస్‌ని పట్టి ఉంచే స్క్రూ క్లాంప్‌ని కసిగా బిగించేశారు, దాని పళ్లు రబ్బరులోకి దిగిపోయాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత హోస్ గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది. ప్లయర్‌తో పట్టి మెలిపెడితే హీటర్ గొట్టం వంగుతుంది లేదా విరుగుతుంది, ఇక డాష్‌బోర్డు మొత్తం విప్పుకోవాలి. ఎలాగూ పారేసే హోసే కాబట్టి బ్లేడుతో పొడవునా చీల్చి, అరటితొక్కలా ఒలిచేశాను. కొత్తదానికి స్ప్రింగ్ క్లాంప్ వేశాను. వేడికి హోస్ ఉబ్బినా, చల్లారి సన్నబడినా దాని పట్టు వదలదు. స్క్రూ క్లాంప్‌కి ఆ గుణం లేదు, అందుకే కొన్ని లీకులు చలి ఉదయాల్లోనే కనిపిస్తాయి.

అంతకుముందు ఒకసారి స్టాప్‌లీక్ (కూలెంట్‌లో పోస్తే లీకు పూడుస్తుందనే మందు) కూడా పోశానని ఒప్పుకోవాలి. లీకు ఆగలేదు సరికదా, హీటర్ నుంచి గోరువెచ్చటి గాలే రావడం మొదలైంది. హీటర్ లోపలి సన్నటి దారుల్లోనే ఆ ముద్ద పేరుకుంది. మళ్లీ ముట్టుకోను.

ఇక టెస్టర్ లోపాలు. రెండేళ్ల తర్వాత మళ్లీ ముల్లు దిగింది. ఒక సాయంత్రమంతా కారు కింద దొర్లాను, ఎక్కడా తడి లేదు. చివరికి అనుమానం వచ్చి టెస్టర్ గొట్టం చివర కప్లర్‌కి (అడాప్టర్ తగిలించే చోటుకి) సబ్బునీళ్లు రాస్తే నురగ పొంగింది! దాని లోపలి ఓ-రింగ్ (రబ్బరు రింగు) ఎండిపోయింది. కారుకి ఏ రోగమూ లేదు. అప్పటి నుంచి కారుకి తగిలించే ముందే కిట్‌లోని మూత అడాప్టర్‌తో కొత్త మూతని పంపుకి బిగించి, ముల్లు నిలుస్తోందో లేదో చూస్తున్నాను. ప్రెషర్ వదిలే మీట కూడా గట్టిది. అది పూర్తిగా నొక్కకుండా అడాప్టర్ విప్పి ఒకసారి చొక్కా తడుపుకున్నాను. పెట్టె గొళ్లెం మొదటి ఏడాదే విరిగింది, దాని సంగతి వదిలేయండి.

ఇది పట్టుకోలేనివీ ఉన్నాయి. నాలుగో ఏడాది కూలెంట్ మళ్లీ తగ్గింది, ముల్లు మాత్రం అరగంటైనా కదల్లేదు. కారుతున్నది వాటర్ పంప్. దాని షాఫ్ట్ తిరుగుతున్నప్పుడే సీల్ వదులుతోంది. పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం కింద ఎండిన చారికే దాన్ని పట్టిచ్చింది. ఆ పనికి టైమింగ్ బెల్టు విప్పాలి కాబట్టి మెకానిక్‌కి అప్పజెప్పాను. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే సీల్) మీద అనుమానమైతే రంగు మారే ద్రవంతో చేసే పరీక్ష మేలు. పెట్రోలు ఇంజన్ పొగ కూలెంట్‌లో కలుస్తుంటే నీలం ద్రవం పసుపవుతుంది.

ప్రతిసారీ పని అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటే పోశాను, హీటర్ పూర్తి వేడిమీద పెట్టి బుడగలు ఆగేదాకా గాలి తీశాను. గాలి మిగిలితే టెంపరేచర్ ముల్లు ఊగిసలాడుతుంది, లీకు ఇంకా ఉందేమోనని ఉత్తి టెన్షన్. కారిన పాత కూలెంట్‌ని వెంటనే ట్రేలో పట్టి మూత పెట్టాలి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

మొన్న మళ్లీ కొట్టి చూశాను. ముల్లు నిలిచింది కానీ, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కలిసేచోట వేలికి కొంచెం చెమ్మ తగిలింది. పెన్నుతో అక్కడ గీత గీసి తేదీ వేశాను. రేడియేటర్ ఇంకా కొనలేదు.