ఏడెనిమిదులెంత? ఆంకీతో రెండేళ్ల ఎక్కాలు

ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లవాణ్ణి ఆపి "ఏడెనిమిదులు?" అని అడగండి. పెదవులు కదలడం మొదలవుతుంది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు ఇరవై ఒకటి... ఎనిమిదో మెట్టు దాకా ఎక్కి వచ్చి "యాభై ఆరు" అంటాడు. జవాబు సరైనదే, కానీ ఆరేడు సెకన్లు పట్టింది. పెద్ద భాగహారంలో ఇలా నాలుగుసార్లు మెట్లెక్కి దిగేసరికి ఏ అంకె దించుకోవాలో మరిచిపోతాడు. తప్పు భాగహారంలో కనిపిస్తుంది, లోపం ఎక్కంలో ఉంటుంది.

ప్రశ్న కార్డులు మళ్లీ మళ్లీ చూపించి గుర్తుపెట్టించే యాప్ ఆంకీ. దాని మీద నాకున్న ఇష్టమంతా ఇక్కడే. అది వరుసలో అడగదు. 7×8 తర్వాత 3×4 వస్తుంది, ఆ వెంటనే 8×6. ఎక్కడానికి మెట్లు దొరకవు. బాగా వచ్చినదాన్ని రోజుల తరబడి పక్కన పెడుతుంది, తడబడ్డదాన్ని రేపే మళ్లీ ముందుకు తెస్తుంది. చేతిరాత అట్టముక్కలతో కూడా ఇది చేయొచ్చు గానీ ఏ పిల్లకి ఏ ముక్క ఏ రోజున చూపించాలో రెండు వారాలు గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలతో రెండేళ్లుగా వాడుతున్నాను. ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. కార్డు మీద ప్రశ్న వస్తుంది, తిప్పితే జవాబు. ఎలా వచ్చిందో చెప్పడానికి నాలుగు మీటలు: ఎగైన్ (రాలేదు), హార్డ్ (కష్టంగా వచ్చింది), గుడ్ (వచ్చింది), ఈజీ (తేలిగ్గా వచ్చింది).

అందులో ఏం వేయాలి అన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. రెండు నుంచి తొమ్మిది దాకా చూస్తే 64 గుణకారాలు. 7×8, 8×7 ఒకటేనని తెలిస్తే 36. రెండూ ఐదూ ఎక్కాలు ఎలాగూ వచ్చేస్తాయి, అవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి ఉపాయం ఉంది: ఏడు పదులు డెబ్బై, అందులో ఏడు పోతే అరవై మూడు. దాన్నీ పక్కన పెడితే మిగిలేవి 15. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది తమలో తాము గుణించుకునేవి. పిల్లలు తడబడేదంతా ఈ పదిహేనులోనే. అటూ ఇటూ తిప్పి అడిగితే 25 కార్డులు, అంతే. నెట్‌లో రెడీగా దొరికే డెక్కుల్లో, అంటే కార్డుల కట్టల్లో, రెండు నుంచి ఇరవై దాకా కుక్కేసినవి చాలా ఉంటాయి. సెట్టింగ్ మార్చకపోతే రోజుకి 20 కొత్త కార్డులు వస్తాయి. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి బాకీ గుట్టలా పేరుకుని, ఐదు నిమిషాల పని అరగంటవుతుంది. రోజుకి రెండు కొత్తవి చాలు. కొత్త కార్డులు మనం ఎక్కించిన ఫైల్లో ఉన్న వరుసలోనే వస్తాయి కాబట్టి ఆ వరుస మనమే జాగ్రత్తగా వేసుకోవాలి. 6×4 ఇరవై నాలుగు, 6×7 నలభై రెండు ఒకే రోజు కొత్తగా ఇస్తే అంకెలు తారుమారై కూర్చుంటాయి. వాటి మధ్య కనీసం వారం ఎడం ఉంచండి.

ఆంకీలో మనం రాసిపెట్టేది నోట్, దాన్నుంచే కార్డులు తయారవుతాయి. 7×8, 8×7 ఒకే నోట్ నుంచి పుట్టే రెండు కార్డులుగా ఉండాలి, విడివిడి నోట్లుగా కాదు. అప్పుడే డెక్ ఆప్షన్లలో "బరీ" కింద ఉన్న మూడు స్విచ్‌లూ పనిచేసి, ఒకటి వచ్చిన రోజు రెండోదాన్ని దాచిపెడతాయి. లేకపోతే నిమిషం క్రితం చెవిన పడ్డ యాభై ఆరునే పిల్లవాడు తిరిగి అప్పజెబుతాడు. 7×7 లాంటివాటికి తిప్పితే వచ్చేదీ అదే ప్రశ్న, వాటికి ఒక్క కార్డే ఉండే వేరే నోట్ టైపు వాడాలి. అక్షరం సైజు 20 ఉంటుంది, స్టైలింగ్‌లో 80 చేయండి. బొమ్మలొద్దు.

ఇంకో చిన్న సెట్టింగ్, చాలామంది చూడరు. ప్రిఫరెన్సెస్‌లో "లెర్న్ అహెడ్" 20 నిమిషాలని ఉంటుంది. పెద్ద డెక్కుకి అది మంచిదే. మనకి రోజుకి ఆరో ఏడో కార్డులు కాబట్టి, తప్పు చెప్పిన కార్డు పది నిమిషాలు ఆగాల్సింది పోయి, చూపించడానికి ఇంకేం లేదని వెంటనే మళ్లీ వచ్చేస్తుంది. దాన్ని సున్నా చేసి, మిగిలినవి సాయంత్రం ఇంకోసారి కూర్చున్నప్పుడు చూపించాలి.

ఇక అసలు దెబ్బ. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కూడా కాదు, దాని పని ఏమిటో మనం సరిగ్గా అర్థం చేసుకోకపోవడం. మొదటి మూడు నెలల్లో సరైన జవాబుల లెక్క చూస్తే ముచ్చటేసింది. నోటుబుక్కులో మాత్రం లెక్కలు ఎప్పటిలాగే నెమ్మది. ఒక్కో కార్డుకి "కార్డ్ ఇన్ఫో" తెరిచి చూస్తే సంగతి బయటపడింది. 7×8 వరుసగా నాలుగుసార్లు "గుడ్". గడువు, అంటే మళ్లీ అడిగేదాకా ఎడం, 1 రోజు, 3, 8, 20 అని పెరుగుతూ పోయింది. పక్కనే సమయం గడిలో ఎనిమిది సెకన్లు, ఏడు, తొమ్మిది, ఎనిమిది. అంటే ప్రతిసారీ మెట్లెక్కే చెప్పారు. వరుస చెడగొట్టినంత మాత్రాన మెట్లు పోలేదు, లోపల్లోపలే ఎక్కుతున్నారు.

కారణం తేలిక. ఆంకీ జవాబుకి పట్టిన సమయాన్ని రాసిపెట్టుకుంటుంది గానీ, తర్వాతి గడువు లెక్కలో వాడదు. దానికి కావాల్సింది మనం నొక్కిన మీట ఒక్కటే. గుర్తుందా లేదా అన్నది దాని ప్రశ్న, ఎంత త్వరగా అన్నది మన ప్రశ్న. భాషలో మాటలకి ఎనిమిది సెకన్లు పట్టినా నష్టం లేదు. ఎక్కానికి ఉంది.

"అయితే ఆలస్యమైతే హార్డ్ నొక్కుదాం" అని ఎవరికైనా తోస్తుంది. అదే రెండో పొరపాటు. హార్డ్ అంటే ఆంకీ దృష్టిలో కష్టంగానైనా వచ్చింది అని, తప్పు కాదు. 2023 చివర్లో ఆంకీలోకి వచ్చిన, గడువులు లెక్కగట్టే ఎఫ్ఎస్ఆర్ఎస్ పద్ధతిలో ఇది ఇంకా ముఖ్యం. రానిదానికి హార్డ్ నొక్కుతూ పోతే, ఈ పిల్లకి జ్ఞాపకం బ్రహ్మాండంగా ఉందని లెక్క వేసుకుని గడువులన్నీ పొడిగించేస్తుంది. మా దగ్గర ఇప్పుడు రెండే మీటలు. మూడు సెకన్లలోపు నోటితో చెబితే గుడ్. సరైనదైనా ఆలస్యమైతే ఎగైన్. హార్డ్, ఈజీ అసలు ముట్టుకోం.

మూడు సెకన్లు ఎవరు లెక్కపెట్టాలి? కంప్యూటర్ వెర్షన్లో 2023 డిసెంబరు నుంచి "ఆటో అడ్వాన్స్" ఉంది. డెక్ ఆప్షన్లలో ప్రశ్న ఎన్ని సెకన్లు, జవాబు ఎన్ని సెకన్లు అని రెండు గడులు. జవాబు సమయం అయిపోతే ఏం చేయాలన్న చోట "ఆన్సర్ ఎగైన్" పెట్టండి. కార్డు తిరగకముందే చెబితే పక్కనున్న పెద్దవాళ్లు గుడ్ నొక్కుతారు, లేకపోతే ఎవరూ ఏం నొక్కక్కర్లేదు, దానంతటదే ఎగైన్ పడుతుంది. ప్రశ్నకి మొదటి రెండు వారాలు 6 సెకన్లు, తర్వాత 4, ఆపైన 3. ముందే 3 పెడితే సగం కార్డులు ఎగైన్ అయి పిల్లలు బిక్కమొహం వేస్తారు. గడియారం తెరమీద కనపడకుండా ఆపేయండి, కార్డు తిరగడమే చాలు.

జవాబు టైప్ చేయించకండి. రెండు అంకెలు వెతికి కొట్టే ఆలస్యం ఒకటి, ఫోన్లో మామూలు కీబోర్డు వచ్చి అంకెలకి మారాల్సిరావడం ఇంకొకటి. 2×3 కి ఒక్క అంకె కొడితే అయిపోతుంది, 7×8 కి రెండు కొట్టాలి. కొలిచేది వేలి వేగం అవుతుంది, జ్ఞాపకం కాదు. టైప్ చేయిస్తూ గడియారం పెట్టే ఎక్కాల యాప్‌లన్నిటితో నాకున్న తగాదా ఇదే.

ఒకే ట్యాబ్‌లో నలుగురు పిల్లలు వాడితే ఎవరి డెక్కు వాళ్లకుండాలి. ఒకరికి రాని 6×8 ఇంకొకరి గుడ్ వల్ల వారం వెనక్కి పోకూడదు. ఇక్కడొక చిక్కు. అదే ఫైలు రెండోసారి ఇంపోర్ట్ చేస్తే, మొదటి గడిలో ఉన్నది ముందే ఉందని చూసి ఆంకీ కొత్త కార్డులు చేయదు, రెండో డెక్కు ఖాళీగా ఉండిపోతుంది. మొదటి గడిలో "12-7×8" అని రోల్ నంబరు కలిపి పెట్టి, ప్రశ్నని రెండో గడిలో ఉంచితే సరి. కంప్యూటర్లో అయితే ఒక్కొక్కరికి ఒక్కో ప్రొఫైల్ చేయడం నయం.

నేను ఊహించని లాభం గొంతు. జవాబు వైపు "ఏడెనిమిదులు యాభై ఆరు" అని ఒక్క ముక్క రికార్డు చేసి పెట్టాం. కార్డు చేసే కిటికీలో మైకు గుర్తు ఉంటుంది, ఎఫ్5 నొక్కినా అదే. వల్లె వేసిన వరుసలోంచి ఆ ఒక్క లైనే విడిగా వినేసరికి, మూడో వారానికి పిల్లలు ఏడొకట్ల నుంచి మొదలెట్టడం మానేసి నేరుగా "ఏడెనిమిదులు" అని అందుకుని, ఆ ఊపులోనే జవాబు చెప్పేస్తున్నారు. వల్లె వేయించడం దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ లయే ఇక్కడ పనికొచ్చింది. తెలుగు అంకెల మాట కూడా సాయం చేస్తుంది: పదహారుకీ అరవైకీ పోలిక లేదు, సిక్స్‌టీన్‌కీ సిక్స్‌టీకీ ఉన్న తికమక ఇక్కడ రాదు. అయితే ఇంగ్లీషు మీడియం పిల్లల్లో యాభై ఆరంటే ఎంతో తెలియనివాళ్లున్నారు. వాళ్లకి తెలుగు గొంతు పెడితే మనసులో అనువాదానికి ఇంకో రెండు సెకన్లు పడతాయి. వాళ్లు మామూలుగా అంకెలు ఏ భాషలో లెక్కపెడతారో వినండి, ఆ భాషలోనే రికార్డు చేయండి. రెండూ కలపొద్దు.

ఇంకొకరికి చెప్పేటప్పుడు నేనిప్పుడు షరతులు పెడుతున్నాను. మూడేసి చింతగింజలు నాలుగు వరసలు పేర్చి పన్నెండని లెక్కపెట్టి చూడని పిల్లకి ఇది ఇవ్వకండి, అర్థంకాని శబ్దాలు గుర్తుపెట్టుకుంటుంది. నలభై మంది ఉన్న తరగతికి ఒక టీచరుతో ఇది నడవదు. మీట నొక్కే మనిషి పక్కన ఉండాలి, పిల్లలే నొక్కుకుంటే అన్నీ గుడ్లే. మా దగ్గర ఒక్కొక్కరి పక్కన రోజుకి ఐదు నిమిషాలు కూర్చోవడానికి అమ్మో అక్కో ఉన్నారు కాబట్టి ఫలించింది. ఆ వీలున్న ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు "మాక్సిమమ్ ఇంటర్వల్" 30 రోజులు చేసి పెట్టండి. అంతకు మించి వదిలేసిన కార్డులకి జవాబు వస్తోంది గానీ మళ్లీ నాలుగైదు సెకన్లకి జారుతోంది. గుణకారాలన్నీ మూడు సెకన్లలోపుకి వచ్చాకే 56÷7 కార్డులు చేర్చాలి. మేం రెండో నెలలోనే చేర్చి, తీసేయాల్సి వచ్చింది.