ఇంటి వైఫైపై ఆఫీసు ల్యాప్‌టాప్: 2020 నుంచి వాడుతున్న అనుభవంతో

మా కంపెనీ హైదరాబాద్‌లో ఉంది. నేను విజయవాడలో ఉంటాను. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ముందు ల్యాప్‌టాప్‌లు చేతికిచ్చి ఇళ్లకు పంపారు. మాది కాల్ సెంటర్ తరహా సేవల సంస్థ. అంతకుముందు ఇలాంటి సంస్థల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డొచ్చేవి. ఆ మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించి, నవంబరులో నిబంధనలనే మార్చేశారు. దాంతో మాలో చాలామందికి ఇంటి గదే ఆఫీసు అయిపోయింది. ఇన్నేళ్లలో ల్యాప్‌టాప్ మారింది, రూటర్ మారింది, ఇంటర్నెట్ కనెక్షనూ మారింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. కాకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లు బిగించి వెళ్లిన రూటర్‌ను అలాగే వదిలేస్తే నడవదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకునే అధికారం మనకు ఉండదు. రూటర్ మాత్రం మనది. చేయగలిగినదంతా అక్కడే చేయాలి.

చాలామంది ముందు వేగం గురించే అడుగుతారు. వీడియో మీటింగ్‌కు సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లు చాలు. 40 మెగాబిట్ల ప్లాన్‌తో కూడా ఆఫీసు పని హాయిగా సాగుతుంది. మా ఇంట్లో టీవీ, పిల్లల ట్యాబ్, ఫోన్లు ఉన్నాయి కాబట్టి 100 తీసుకున్నాను. అయినా ప్లాన్ పెంచిన రోజుకూ పెంచకముందుకూ మీటింగుల్లో తేడా ఏమీ కనిపించలేదు.

అసలు సమస్య గోడలు. మాది పాత ఇల్లు, అన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడలే. రూటర్ హాల్లో టీవీ పక్కన ఉండేది, నా బల్ల వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది, కానీ ఇలాంటి గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి వస్తుంది గానీ అక్కడ రద్దీ ఎక్కువ. అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఇరుగు పొరుగు రూటర్లన్నీ ఆ మూడింటి మీదే సర్దుకోవాలి. పైగా మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇంచుమించు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది. మా వంటగది నా గదికి ఆనుకునే ఉంటుంది. అమ్మ పాలు వేడి చేయడానికి మైక్రోవేవ్ పెట్టిన నిమిషంలో నా గొంతు అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపించేది. అది ఆగగానే మళ్లీ మామూలే.

ఈ రెండు బ్యాండ్లకూ (2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు) ఒకే వైఫై పేరు ఉంటే ల్యాప్‌టాప్ తనకు తోచినట్టు ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది, అదీ మీటింగ్ మధ్యలో. సొంత ల్యాప్‌టాప్ అయితే వైఫై కార్డు సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్‌కే ప్రాధాన్యం ఇవ్వమని చెప్పవచ్చు. ఆఫీసు యంత్రంలో ఆ పేజీ తెరవగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే రూటర్‌లోనే రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ల్యాప్‌టాప్‌కు ఒకటే ఇచ్చాను. దాంతో కొంత నయమైంది. పూర్తి పరిష్కారం మాత్రం రెండు యూనిట్ల మెష్ రూటర్ (వేర్వేరు గదుల్లో పెట్టిన యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసేది) కొని, ఎలక్ట్రీషియన్ చేత హాల్లోంచి నా గదికి క్యాట్ 6 కేబుల్ లాగించాకే దొరికింది. రెండో యూనిట్ నా బల్ల మీదే ఉంటుంది. గోడలు దాటే పని కేబుల్‌ది, వైఫైకి మిగిలింది మూడు అడుగుల దూరం. మైక్రోవేవ్ బాధ ఆ రోజుతో తీరిపోయింది. కేబుల్ లాగించకుండా మెష్ మాత్రమే కొనుక్కుంటే ఇలాంటి గోడలున్న ఇళ్లలో డబ్బు సగం వృథా అని నా గట్టి నమ్మకం. అప్పుడు రెండు యూనిట్లు మాట్లాడుకోవలసిందీ ఆ గోడల గుండానే కదా.

కరెంటు గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రూటర్ ఆగి మళ్లీ మొదలయ్యేది. ఫైబర్ పెట్టె లైట్లు ఒక్కొక్కటే వెలిగి నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. ఆపైన వీపీఎన్ (ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ పాస్‌వర్డ్, ఫోనుకు వచ్చే కోడ్ అడుగుతుంది. వేసవిలో ఇది రోజూ జరిగేది. రూటర్ కోసం దొరికే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి పెట్టాక ఆ ఇబ్బంది లేదు. నేను కొన్నవాటన్నిటిలో ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చింది అదే. కొనేముందు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి.

ఇక వీపీఎన్. కొంతకాలం నాకు ఒక వింత సమస్య ఉండేది. మెయిల్, మీటింగులు అన్నీ పనిచేసేవి, మా టెస్టింగ్ సర్వర్లు కొన్ని మాత్రం ఎంతకీ తెరుచుకునేవి కావు. ఫోను హాట్‌స్పాట్ పెడితే అవే సర్వర్లు వెంటనే వచ్చేవి. హెల్ప్‌డెస్క్‌లో ఓపికగల అబ్బాయి ఒకరు దొరికారు.

"సార్, మీ రూటర్ అడ్రసు 192.168.1.1 కదా?"

"అవునండీ."

"మన టెస్టింగ్ సర్వర్లూ అదే వరుసలో ఉన్నాయి సార్. మీ ల్యాప్‌టాప్ వాటిని మీ ఇంట్లోనే వెతుకుతోంది."

రూటర్‌లో ఇంటి అడ్రసు వరుసను 192.168.77 అని మార్చి, రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాను. అన్నీ తెరుచుకున్నాయి. ఇంటి నుంచి రాని సర్వర్ హాట్‌స్పాట్‌లో వస్తోందంటే ముందు ఇదే చూడండి. మీటింగులు కూడా మొదట్లో వీపీఎన్ గుండా కంపెనీకి వెళ్లి అక్కడినుంచి బయటికి పోయేవి. తర్వాత కంపెనీ వాటిని నేరుగా పంపించే ఏర్పాటు చేసింది. ఇంట్లో ఏమీ మార్చకుండానే మీటింగులు మెరుగుపడ్డాయి. కాబట్టి నత్తనడకకు కారణం ప్రతిసారీ మన వైఫైయే కాదు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది అతిథి నెట్‌వర్క్ గురించి. అంటే అదే రూటర్ వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో ఇచ్చే రెండో వైఫై. అందులో ఉన్నవాటికి ఇంట్లోని మిగతా పరికరాలు కనిపించవు. దాదాపు కొత్త రూటర్లన్నిటిలో ఈ సదుపాయం ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను అందులోనే ఉంచాను. కంపెనీ యంత్రంలో పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఆ యంత్రం మీద మనం చేసేదంతా కంపెనీ చూడగలదనుకునే నడుచుకోవాలి. అది వాళ్ల హక్కే. కానీ మా ఇంటి సీసీ కెమెరా, టీవీ, పిల్లల ట్యాబ్ ఆ యంత్రానికి కనిపించవలసిన అవసరం లేదు. అటు నుంచి చూసినా అంతే. ఎప్పుడూ అప్‌డేట్ కాని చౌక కెమెరా పక్కన ఖాతాదారుల వివరాలు చూసే ల్యాప్‌టాప్ ఉండటం మంచిది కాదు. ఇంటి ప్రింటర్ ఆఫీసు ల్యాప్‌టాప్‌కు కనిపించదు, అదొక్కటే లోటు. ఖాతాదారుల కాగితాలు ఇంట్లో ముద్రించకూడదు కాబట్టి నాకు అది లోటుగా అనిపించలేదు.

అతిథి నెట్‌వర్క్ నిజంగా వేరుగా ఉందా అన్నది పరీక్షించుకోవాలి. ఫోనును అందులో కలిపి రూటర్ సెట్టింగుల పేజీ తెరవండి. తెరుచుకుంటే వేరుపడలేదనే అర్థం. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే మొదటి రూటర్ నెట్‌నే వైఫైగా అందించడానికి మాత్రమే, వాడేచోట ఇలా జరగడం మామూలే. విండోస్ అడిగినప్పుడు పబ్లిక్ నెట్‌వర్క్ అని ఎంచుకోండి. రూటర్‌లో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ టైపు చేయకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం) ఆపేయండి.

పాత ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేటప్పుడు ఇదే ఏర్పాటు పనికొచ్చింది. మనం ఇచ్చిన వైఫై పాస్‌వర్డ్ ఆ యంత్రంలో నిల్వ ఉంటుంది, అడ్మిన్ అధికారం ఉన్నవారు దాన్ని చదవగలరు. నేను అతిథి నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి, కొత్త ల్యాప్‌టాప్‌కు ఇచ్చాను. టీవీ, కెమెరా, ఇంట్లోవాళ్ల ఫోన్లు వేటినీ ముట్టుకోవలసిన పని రాలేదు.